ఆరో పన్ను

చిన్నారులకు,

పెరంబూరు నుంచి మీ తాత ఆశీస్సులు.

మొన్న ఆదివారం మా చిట్టి బ్రష్షు చేత్తో పట్టుకుని వచ్చి నన్నొక మాట అడిగింది. దాని ముందుపన్ను ఊడి వారమైంది. "తాతా, ఇవన్నీ ఎట్లాగూ ఊడిపోయేవే గదా, మరి రోజూ తోమడమెందుకు?" రెండో తరగతి పిల్ల అడిగిన ప్రశ్నకు నాకు వెంటనే జవాబు తోచలేదు.

సాయంత్రం వాళ్ళవ్వ ఇడ్లీపిండి రుబ్బుతుంటే తోచింది. పిండి తీసేశాక అవ్వ గ్రైండరు రాళ్ళను ఎంత ఓపికగా కడుగుతుందో ఎప్పుడైనా చూశారా? చెంబుడు నీళ్ళు గుమ్మరిస్తే పైపైది పోతుంది. మూలల్లో, గాట్లలో ఇరుక్కున్నది పోదు, వేలుపెట్టి రుద్దాలి. వదిలేస్తే మద్రాసు ఉక్కకు తెల్లారేసరికి పులిసి కంపు కొడుతుంది. పులియబెట్టేవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. పిండిలోని తీపిని తిని పులుపు వదులుతాయి. మన నోట్లోనూ జరిగేది అదే. పళ్ళ సందున ఇరుక్కున్న కమర్‌కట్ ముక్కనో బిస్కెట్టునో పాచిలోని సూక్ష్మజీవులు తిని ఆమ్లం తయారుచేస్తాయి. అది పంటి పైపొర ఎనామెల్‌ను కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. పగలంతా లాలాజలం కడుగుతూ కాపాడుతుంది. నిద్రలో అది బాగా తగ్గిపోతుంది, అందుకే రాత్రి తోమకుండా పడుకోకూడదు.

1683లో హాలండ్‌లోని డెల్ఫ్ట్ ఊరి బట్టల వ్యాపారి లేవెన్‌హుక్ తన పళ్ళ మధ్య పాచి తీసి, తాను అరగదీసిన కటకం కింద పెట్టి చూశాడు. అందులో బుల్లి ప్రాణులు కదులుతున్నాయి! ఆ సంగతి లండన్‌లోని రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘానికి రాశాడు. అదీ ఉత్తరమే.

నా చిన్నప్పుడు సూళ్లూరుపేట దగ్గర మా పల్లెకు రోళ్ళకు కక్కు కొట్టేవాడు వచ్చేవాడు. నున్నగా అరిగిన రోలును ఉలితో టకటకా కొట్టి మళ్ళీ పనికి తెచ్చేవాడు. ఆ రాతిపొడి రాలుతుంటే చుట్టూ చేరి చూసేవాళ్ళం. పంటికి అట్లా కక్కు కొట్టలేం. ఎనామెల్ ఎముక కన్నా గట్టిది, మన ఒంట్లో అంత గట్టిది ఇంకోటి లేదు. అయినా విరిగిన ఎముక అతుక్కుంటుంది గానీ, గుంటపడిన ఎనామెల్ మళ్ళీ పెరగదు.

పాలపన్ను ఊడితే పేడముద్దలో పెట్టి పెంకుటింటి మీదకు విసిరేవాళ్ళం. ఊడేదేగా అని మాకూ లోకువే. రాత్రి బెల్లంముక్క చప్పరిస్తూ నిద్రపోయేవాణ్ణి. పదకొండో ఏట కింది దవడలో కుడివైపు పన్ను పుచ్చి పోటు పెట్టింది. మా అవ్వ లవంగం పెట్టింది. "పాలపన్నేలే, పోతుంది" అన్నారంతా. అది పాలపన్ను కాదు. పట్నం తీసుకెళ్ళి పీకించారు. ఆ చోటు ఈనాటికీ ఖాళీయే.

చిట్టీ, ఇదీ నీ జవాబు. రైల్లో ఖర్చీఫు వేసి సీటు పట్టినట్టు పాలపళ్ళు రాబోయేవాటికి చోటు పడతాయి. పుచ్చి ముందే పీకాల్సివస్తే పక్క పళ్ళు ఆ చోట్లోకి ఒరుగుతాయి. వెనక దంతాలైతే పది, పన్నెండేళ్ళ దాకా మీతోనే ఉండాలి.

తోమడం పెద్ద పనేం కాదు. బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. పన్నూ చిగురూ కలిసేచోట బ్రష్షు ఏటవాలుగా పెట్టి, మెల్లగా చిన్న చిన్న సున్నాలు చుట్టండి. గట్టిగా రుద్దితే చిగుళ్ళు నొచ్చుకుంటాయి. లోపలివైపు మరవద్దు, అవ్వ మూలలు మరవదు కదా. రెండు నిమిషాలు తోమి నురుగు ఉమ్మేయండి. వెంటనే నీళ్ళతో పుక్కిలిస్తే పళ్ళను కాపాడే ఫ్లోరైడ్ కూడా పోతుంది. చిన్నవాళ్ళకు అమ్మో నాన్నో మరోసారి తోమాలి.

ఇప్పుడు అద్దం, టార్చిలైటు తీసుకోండి. నోరు బాగా తెరిచి, మధ్య నుంచి ఒక పక్కకు లెక్కపెట్టండి. పాలపళ్ళు అయిదే. ఆరోది వెడల్పుగా, గుంటలు గుంటలుగా కనబడిందా? ఏ పన్నూ ఊడకుండానే ఆరేళ్ళ వయసులో చడీచప్పుడూ లేకుండా వచ్చేస్తుంది. మీరు పుట్టిన నాటికే అది మీ దవడ ఎముకలో కట్టుకోవడం మొదలైంది! మీకు పేరన్నా పెట్టకముందే. అట్లాంటివి నాలుగు మూలలా నాలుగు. నేను పోగొట్టుకున్నది అందులో ఒకటి.

మీకు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి నాకు రాయండి. రాకపోతే వేలు కడుక్కుని ఆ చోట చిగురు తడిమి చూడండి.

మీ తాత