6174: ఎటు తిరిగినా చేరే సంఖ్య

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ముందున్న బండి నంబరు కూడి ఎంతొచ్చిందో చూడటం మనలో చాలామందికి అలవాటు. నాకు తీసివేత ఇష్టం. మొన్న నా ముందు ఆగిన ఆటో నంబరు 3524. ఆ అంకెలతో రాయగలిగే అతి పెద్ద సంఖ్య 5432, అతి చిన్నది 2345. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే 3087. దాన్నీ అలాగే చేస్తే 8730లోంచి 0378 పోగా 8352. ఇంకోసారి, 8532లోంచి 2358 తీసేస్తే 6174. ఇక అక్కడి నుంచి కదలదు. 7641లోంచి 1467 పోతే మళ్లీ 6174 వస్తుంది మరి!

1947తో మొదలుపెట్టి చూడండి, ఐదో తీసివేతకు ఇక్కడికే వస్తారు. 1111, 7777 లాగా నాలుగూ ఒకే అంకె అయితే సున్నా వస్తుంది. అవి తప్ప ఏ నాలుగు అంకెలైనా సరే, ఏడు తీసివేతల్లోపు 6174కి చేరాల్సిందే. మధ్యలో జవాబు 999 అని వస్తే 0999 అని రాసుకోవాలి. చాలామంది తప్పేది అక్కడే.

1949లో దీన్ని బయటపెట్టిన దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్, మహారాష్ట్రలో నాసిక్ పక్కనున్న దేవ్‌లాలీలో బడిపంతులు. 1975లో అమెరికా గణిత రచయిత మార్టిన్ గార్డ్‌నర్ ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో రాశాక ఆయన పేరు బయటి దేశాల్లోనూ మారుమోగింది.

ఇంతకీ ఎందుకిలా అవుతుంది? నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ ముక్కే. ఆటో నంబరునే మళ్లీ తీసుకుందాం. 5, 4, 3, 2 అని పెద్దదాని నుంచి వరసగా పెట్టాం కదా. రెండు కొసల్లోని అంకెలకి, అంటే 5కీ 2కీ తేడా 3. మధ్య రెండింటి తేడా 1. మొదటి తేడాని 999తో, రెండోదాన్ని 90తో హెచ్చించి కూడండి: 2997, 90 కలిపితే 3087. తీసివేత జవాబు ఇదే! అంటే అసలు అంకెలు ఏవైనా, జవాబును నిర్ణయించేవి ఈ రెండు తేడాలే. అలాంటి జతలు మొత్తం 54. 0001 నుంచి లెక్కేసుకుంటే 9,990 సంఖ్యలు మొదటి తీసివేతకే 54 జవాబుల్లోకి ఒదిగిపోతాయి. 999, 90 రెండూ తొమ్మిదో ఎక్కంలోవే కాబట్టి ఆ 54 కూడా తొమ్మిదితో తెగేవే. ఇక 6174 సంగతి చూడండి. 7, 6, 4, 1 అని పేర్చితే తేడాలు 6, 2. 999 ఆర్లు 5994, 90 రెళ్లు 180, మొత్తం 6174. తన తేడాలతో తనే తయారవుతుంది.

మూడంకెలకైతే ఆ పాత్ర 495ది. రెండంకెలకు అలా ఆగే చోటు లేదు: 9, 81, 63, 27, 45 అంటూ మళ్లీ 9కే వచ్చి గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి.

తన అంకెల మొత్తంతో శేషం లేకుండా తెగే సంఖ్యలకు కాప్రేకర్ ‘హర్షద’ సంఖ్యలని పేరు పెట్టారు, ఆనందాన్ని ఇచ్చేవని. 6174 అంకెలు కూడితే 18. దాన్ని 18తో భాగిస్తే 343, అంటే ఏడు ఏళ్లు నలభై తొమ్మిది, ఆ నలభై తొమ్మిదికి మళ్లీ ఏడు రెట్లు.