"నేను చంపలేదు, బండి దగ్గరే ఉన్నాను" అంటే సరిపోతుందా?

చిరంజీవులకు ఆశీస్సులు.

"పొడిచింది వాడు, నేను బయట కాపలా ఉన్నానంతే" అన్న మాట మీద ధీమాతో ఉండే కుర్రాళ్లు చాలామంది. కోర్టులో ఆ ధీమా తరచుగా నిలవదు.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 3(5) సెక్షన్ చూడండి. పాత ఐపీసీలో అది 34. ఉమ్మడి ఉద్దేశంతో కొందరు కలిసి నేరం చేస్తే, ఒక్కొక్కరూ మొత్తం తామే చేసినట్టు లెక్క. 1923 ఆగస్టులో కలకత్తా శంకరిటోలా పోస్టాఫీసులో డబ్బు లెక్కపెట్టుకుంటున్న సబ్‌పోస్టుమాస్టర్‌ను దోచుకోబోయి కాల్చి చంపారు. తరిమి పట్టుకుంటే బరేంద్ర కుమార్ ఘోష్ చేతిలో పిస్తోలు ఉంది. తాను బయటే నిలబడ్డానని, కాల్చలేదని అన్నాడు. బయట నిలబడి కాయడమూ ఆ పనిలో భాగమేనని 1924లో ప్రీవీ కౌన్సిల్ (అప్పట్లో మన కేసులకు ఆఖరి అప్పీలు వినే లండన్ న్యాయస్థానం) తేల్చింది.

అలాగని పక్కన ఉన్న ప్రతివాడూ హంతకుడైపోడు. ఉద్దేశం ఉమ్మడిదని ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యాలి. కాకపోతే అది ముందురోజే కూర్చుని అనుకున్నదై ఉండక్కర్లేదు, అక్కడికక్కడే పుట్టవచ్చు.

ఐదుగురైతే వ్యవహారం మరీ కఠినం. ఐదుగురు, అంతకుమించి కలిసి దోపిడీ చేస్తూ వాళ్లలో ఒక్కడు హత్య చేసినా, 310(3) కింద అందరికీ ఉరి, లేదా యావజ్జీవం, లేదా పదేళ్లకు తగ్గని కఠిన కారాగారం. చంపాలని మిగతావాళ్లు అనుకున్నారా లేదా అన్నది ఇక్కడ అడగరు. నాకు అన్నిటికంటే భయం వేసే సెక్షన్ ఇదే.

అసలు వెళ్లనివాడి సంగతీ ఉంది. అర్ధరాత్రి ఇంట్లో దూరి దోచుకురమ్మని ఆయుధాలిచ్చి పంపాడనుకోండి. ఇంటాయన ఎదురుతిరిగితే వెళ్లినవాళ్లు చంపేశారు. అలాంటి దోపిడీలో హత్య జరగడానికి అవకాశం ఉందని తేలితే, పంపినవాడికీ హత్యకు వేసే శిక్షే. ఈ ఉదాహరణ 51 సెక్షన్‌లోనే ఉంది.

పద్దెనిమిది నిండలేదు కదా అంటారేమో. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, పదహారు నిండినవాళ్ల మీద ఇంత ఘోరమైన నేరం మోపితే, పర్యవసానాలు అర్థం చేసుకునే శక్తి వాళ్లకుందా అని జువెనైల్ జస్టిస్ బోర్డు పరిశీలిస్తుంది. ఉందనుకుంటే పెద్దవాళ్లలాగే విచారించమని పిల్లల కోర్టుకు పంపవచ్చు. ఉరి మాత్రం వెయ్యరు.

ఇలాంటి మాటల్లో ఇప్పటికే ఇరుక్కుని ఉంటే, మనసులో ఇష్టం లేకపోయినా వెంట వెళ్లకండి, మీ మనసు కోర్టుకు కనపడదు. జరగకముందే బయటికి వచ్చి 112కి ఫోన్ చెయ్యండి. వకీలుకు డబ్బు లేకపోతే ఉచిత న్యాయసహాయం నంబరు 15100.

మీ తాతయ్య