పాజిటివ్ వచ్చింది సరే, అసలు ఆ జబ్బు ఎంతమందిలో ఉంటుంది?

నేను స్టాటిస్టిక్స్ చెబుతాను. మా చుట్టాల్లో లెక్కలతో బతికేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, ఎవరి రిపోర్టులో తేడా కనిపించినా డాక్టర్ కంటే ముందు నాకే ఫోను. మొన్న మా చెల్లెలు చేసింది. ఒంట్లో ఏ బాధా లేదు, మామూలు చెకప్‌కి వెళ్తే ఒక టెస్టు పాజిటివ్ వచ్చింది. "అన్నయ్యా, ఇది తొంభై తొమ్మిది శాతం కరెక్ట్ టెస్టట. అంటే జబ్బు లేకపోవడానికి నూటికి ఒక్క చాన్సేగా?" అంది, గొంతు వణుకుతోంది. ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో నాకే గుర్తు లేదు.

అపోహ: 99 శాతం కచ్చితమైన టెస్టులో పాజిటివ్ వస్తే జబ్బు ఉండే అవకాశం 99 శాతం.

వాస్తవం: కాదు. జబ్బున్నవాళ్ళలో ఎంతమందికి పాజిటివ్ వస్తుంది అనేది ఒక ప్రశ్న. పాజిటివ్ వచ్చినవాళ్ళలో ఎంతమందికి నిజంగా జబ్బుంది అనేది వేరే ప్రశ్న. టెస్టు గురించి గొప్పగా చెప్పే అంకె మొదటి దానికి జవాబు, మనకి నిద్ర పట్టనివ్వనిదేమో రెండోది.

శాతాలు పక్కన పెట్టి మనుషుల్ని లెక్కపెట్టండి. వెయ్యిమందిలో ఒకరికి ఉండే జబ్బు అనుకుందాం. 10,000 మందికి టెస్టు చేస్తే జబ్బున్నవాళ్ళు 10 మంది, వాళ్ళందరూ దొరికారనే అనుకుందాం. మిగతా 9,990 మందికి ఏమీ లేదు, కానీ నూటికి ఒకరి విషయంలో టెస్టు పొరబడుతుంది కదా, అలా ఇంకో 100 మంది దాకా పాజిటివ్. మొత్తం 110 పాజిటివ్‌లలో అసలు జబ్బు 10 మందికే. అంటే 9 శాతం! టెస్టు చెడ్డదేం కాదు, జబ్బు అరుదైనది, అంతే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ గుంపు అంత పెద్దది కాబట్టి అందులో చిన్న పొరపాటు కూడా పెద్ద సంఖ్య అయి కూర్చుంటుంది.

ఇది తెలియకపోవడం సిగ్గుపడాల్సిన విషయం కూడా కాదు. 1978లో ఇలాంటి లెక్కే హార్వర్డ్ వైద్య విద్యార్థులు, డాక్టర్లు కలిపి 60 మందిని అడిగితే సరిగ్గా చెప్పింది 11 మంది. అందులో టెస్టు పొరబడేది నూటికి ఐదుగురి విషయంలో, కాబట్టి జవాబు సుమారు 2 శాతం. అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చిన జవాబు మాత్రం 95. దీని వెనకున్నది బేయస్ సూత్రం, అంటే కొత్త సమాచారం వచ్చాక అవకాశాన్ని మళ్ళీ లెక్కకట్టే పద్ధతి. థామస్ బేయస్ అనే ఆయన రాసిన ఆ సూత్రం 1763లోనే అచ్చయింది, పాపం ఆయన పోయిన రెండేళ్ళకి.

ఇక్కడే నాకు ఒళ్ళు మండే రెండో బ్యాచ్ తయారవుతుంది. "చూశారా, టెస్టులన్నీ మోసం, చేయించుకోకండి" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్ళు. టెస్టుకి ముందు వెయ్యికి ఒకటిగా ఉన్న అవకాశం టెస్టు తర్వాత పదకొండుకి ఒకటి అయింది, అది చిన్న మార్పా? ఆ 110 మందికి ఇంకో రకం టెస్టు, అదీ 99 శాతంది చేస్తే, జబ్బున్న ఆ పదిమందీ మళ్ళీ బయటపడతారు, లేని వందమందిలో ఒక్కరు మిగులుతారు. ఇప్పుడు మళ్ళీ పాజిటివ్ అంటే 90 శాతం పైమాటే. అదే కిట్‌తో మళ్ళీ చేయిస్తే మాత్రం మొదటి పొరపాటే తిరిగి రావచ్చు, అందుకే డాక్టర్లు నిర్ధారణకి వేరే పద్ధతి రాస్తారు. ఇంకో సంగతి, ఈ 9 శాతం లెక్క ఏ లక్షణమూ లేకుండా చెకప్‌కి వెళ్ళినవాళ్ళది. లక్షణాలతో వెళ్ళినవాళ్ళ లెక్క వెయ్యికి ఒకటి దగ్గర మొదలవదు, వాళ్ళ పాజిటివ్‌కి బరువు చాలా ఎక్కువ.

నా సంగతీ చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం నాకూ ఇలాగే ఒక రిపోర్టు వచ్చింది. ఫార్ములా నోటికొచ్చు, ఏటా పిల్లలతో చేయిస్తాను, అయినా రెండు రాత్రులు సీలింగ్ చూస్తూ పడుకున్నాను, మూడో రోజు గానీ కాగితం మీద 10,000 అని రాసుకోవాలన్న బుద్ధి పుట్టలేదు. టెన్షన్‌లో ఉన్నవాళ్ళని "లెక్క రాదా" అని నేను అననిది అందుకే. చెల్లెలికి కూడా ముందు "డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్తున్నావ్" అనే అడిగాను, లెక్క తర్వాత చెప్పాను. రెండో టెస్టు నెగటివ్. నా లెక్క గెలిచిందని కాదు, ఆ పదిమందిలో ఒకరు కూడా తనలాగే ఎవరికో ఫోన్ చేసి ఉంటారు.

మిగతావి గబగబా. "రిస్కు రెట్టింపు" అన్న వార్త కనిపిస్తే ఎంత నుంచి ఎంతకి అని అడగండి, 7,000 మందిలో ఒకరు ఇద్దరైనా రెట్టింపే. రౌలెట్‌లో, అంటే తిరిగే చక్రంలో బంతి నలుపు మీద ఆగుతుందా ఎరుపు మీదా అని పందెం కాసే జూదంలో, వరసగా నలుపు పడితే ఈసారి ఎరుపే అనడం శుద్ధ తప్పు, 1913లో మాంటే కార్లో కాసినోలో బంతి వరసగా 26 సార్లు నలుపు మీదే ఆగింది, ఎరుపు మీద పెంచుకుంటూ పోయినవాళ్ళు మునిగారు. 23 మంది ఉన్న గదిలో ఇద్దరిది ఒకే పుట్టినరోజు కావడం వింత కాదు, సగానికి పైగా అవకాశం ఉంది.

ఇక లాటరీ నంబర్ చెప్పమనేవాళ్ళకి: 49లో 6 ఎంచుకునే ఆటలో 1,39,83,816 కూర్పులున్నాయి, అన్నిటికీ సమాన అవకాశమే, 1-2-3-4-5-6 కి కూడా. చాలామంది పుట్టినరోజులు పెట్టుకుంటారు కాబట్టి 31 పైన అంకెలు తీసుకుంటే, తగిలినప్పుడు పంచుకునేవాళ్ళు తక్కువ ఉండొచ్చు. నా దగ్గరున్న రహస్యం అంతే, ఇక దాని గురించి ఫోన్ చేయకండి.