కంటికి కనపడదు, వేలికి తగులుతుంది

యాక్టినిక్ కెరటోసిస్‌ను చర్మ వైద్యులు చాలాసార్లు కంటికన్నా ముందు వేలితో పట్టుకుంటారు. బట్టతల మీదో, చెవి అంచునో, ముంజేతి మీదో తడిమితే గరుకు కాగితం తగిలినట్టుంటుంది. గీరితే పొట్టు రాలుతుంది, కొన్నాళ్లకు మళ్లీ కడుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఏళ్ల తరబడి పై పొర కణాల డీఎన్‌ఏను, ముఖ్యంగా పీ53 జన్యువును దెబ్బతీస్తే వచ్చే మచ్చ ఇది. చెడిన కణాన్ని చంపించాల్సిన కాపలా జన్యువే చెడిపోయిందన్నమాట. తెల్ల చర్మం వాళ్లు మండే ఎండలో బతికే ఆస్ట్రేలియాలో, అందులోనూ క్వీన్స్‌లాండ్‌లో, నడివయసు దాటినవాళ్లకు ఇది సర్వసాధారణం. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ దండిగా ఉన్న మన చర్మంలో అరుదు. ఆ రంగు లోపించే ఆల్బినిజంతో పుట్టినవాళ్లకు మాత్రం మన దగ్గరా చిన్న వయసులోనే రావచ్చు.

ఒక్కో మచ్చ క్యాన్సర్ అయ్యే అవకాశం తక్కువే. అమెరికా మాజీ సైనికులపై జరిగిన అధ్యయనంలో ఏడాదిలో 0.6 శాతం, నాలుగేళ్లలో 2.6 శాతం మచ్చలు అలా మారాయి. సగానికి పైగా ఏడాది తిరిగేసరికి కనపడనే లేదు. ఏది పోతుందో, ఏది ముదురుతుందో ముందుగా చెప్పలేకపోవడమే చిక్కు. మనిషికి మనశ్శాంతి లేకుండా చేసేది మచ్చకన్నా ఈ అనిశ్చితే.

ఇది లెక్కకు అందడానికి చాలా కాలం పట్టింది. చర్మరోగుల జీవన నాణ్యతను కొలవడానికి 1994లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో తయారైన డీఎల్‌క్యూఐ అనే ప్రశ్నావళిలో 10 ప్రశ్నలు, 30 మార్కులు; మార్కులు పెరిగే కొద్దీ బాధ ఎక్కువని. గడిచిన వారంలో దురద పెట్టిందా, సిగ్గుపడ్డారా, పనికి అడ్డొచ్చిందా అని అడుగుతుంది. సోరియాసిస్‌కు బాగా పనికొచ్చే కొలబద్ద. దురదైనా పెద్దగా లేని గరుకు మచ్చకు దాంట్లో చాలాసార్లు మార్కు సున్నాకు దగ్గరగా వస్తుంది. అంటే బాధ లేదని కాదు, ప్రశ్న తప్పు. అందుకే 2013లో డెన్మార్క్ పరిశోధకులు ఈ జబ్బుకే ప్రత్యేకంగా తొమ్మిది ప్రశ్నల పట్టిక తెచ్చారు. రోజువారీ పనులు, మనసులోని ఆందోళన, జబ్బు తన అదుపులో ఉందన్న భావన అనే మూడు వైపుల నుంచీ అది అడుగుతుంది.

అసలు కష్టం చికిత్సలో ఎదురవుతుంది. విడి మచ్చలైతే మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనితో గడ్డకట్టిస్తారు. క్షణాల పని, కాకపోతే ఆ చోట తెల్లమచ్చ మిగలొచ్చు. నుదురంతా పాడైతే 5 శాతం ఫ్లోరోయురాసిల్ క్రీము, రోజుకు రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు. 2019లో వెలువడిన నెదర్లాండ్స్ పరిశోధనలో 624 మందికి నాలుగు చికిత్సలు పోల్చి చూస్తే ఏడాది తర్వాత దీని ఫలితమే మెరుగ్గా తేలింది, దాదాపు 75 శాతం మందిలో చికిత్స విఫలం కాలేదు. గెలిచిన మందే ముఖాన్ని ఎక్కువగా కష్టపెట్టేదీ. వేగంగా విభజన చెందే కణాలను చంపుతుంది కాబట్టి, అంతవరకు కనపడని మచ్చలు కూడా ఎర్రబడి పైకి తేలతాయి. మొదటి వారంలో ఎరుపు, తర్వాత మంట, రసి, పక్కు. మందు పడలేదనుకుని సగంలో మానేసేది ఇక్కడే. నిజానికి మందు పనిచేస్తున్న గుర్తు అదే. అయితే చీము పట్టినా, కన్ను వాచినా ఆగి డాక్టరును అడగాలి.

మొదలుపెట్టే ముందు క్యాలెండర్ చూసుకోవాలి. ఇంట్లో పెళ్లి ఉంటే ముఖం తేరుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఎడం ఉంచాలి. పల్చగా రాసి, వెంటనే చేతులు కడుక్కోవాలి. కళ్లకు, పెదవులకు తగలనివ్వకూడదు. గర్భిణులు వాడకూడదు. ట్యూబును కుక్కకు అందనివ్వొద్దు, నాకితే ప్రాణం మీదికొస్తుంది. ఇంత ఓపిక లేనివాళ్లకు ఇదే మందును కాల్సిపోట్రియోల్ అనే విటమిన్ డి తరహా మందుతో కలిపి నాలుగు రోజులే రాసే పద్ధతి ఉంది. మంట తప్పదు గానీ అద్దానికి మొహం చాటేసే రోజులు తగ్గుతాయి. వైద్యుడు శాతాలతో పాటు ఈ రోజుల లెక్కా చెప్పాలి.

ఆ తర్వాత ఎండ సంగతి. క్వీన్స్‌లాండ్‌లోని నాంబోర్‌లో 1992 నుంచి 1996 దాకా 1,621 మందిపై జరిగిన ప్రయోగంలో, రోజూ సన్‌స్క్రీన్ రాసినవాళ్లలో, ఈ మచ్చలు ముదిరితే వచ్చే స్క్వామస్ సెల్ చర్మ క్యాన్సర్లు 40 శాతం వరకు తగ్గాయి. జనం చేసే పొరపాటు పరిమాణంలోనే. ముఖం, మెడ, చెవులకు కలిపి ఒక టీస్పూను కావాలి. సాధారణంగా రాసేది అందులో సగం కూడా ఉండదు. గడప దాటడానికి 20 నిమిషాల ముందు ఒకసారి, బయటుంటే రెండు గంటలకోసారి. తోటపని మానక్కర్లేదు, అతినీలలోహిత కిరణాల తీవ్రతను చెప్పే యూవీ సూచిక 3కు చేరకముందే ముగించుకుంటే చాలు. చెవులూ మెడా కప్పని క్రికెట్ టోపీ కన్నా చుట్టూ అంచున్న టోపీ నయం.

రోజూ అద్దంలో వెతుక్కోనూ అక్కర్లేదు. నెలకోసారి, మంచి వెలుతురులో, వేలితో తడిమి చూస్తే సరిపోతుంది. మందమై గడ్డకట్టినా, నొక్కితే నొప్పి పుట్టినా, పుండై మానకపోయినా, రక్తం కారినా వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. కింది పెదవి మీద అయితే ఇంకా త్వరగా వెళ్లాలి.