దరఖాస్తులో ఆ ఒక్క కాలమ్

ఉద్యోగానికి దరఖాస్తు నింపుతుంటే పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అయ్యాక ఒక చిన్న కాలమ్ వస్తుంది. పెళ్ళయిందా, కాలేదా? మగవాళ్ళు చూడకుండానే టిక్కు పెట్టి ముందుకు పోతారు. ఆడపిల్లల చెయ్యి అక్కడ ఒక్క క్షణం ఆగుతుంది. అయిందని రాస్తే పిల్లలెప్పుడంటారు. కాలేదని రాస్తే పెళ్ళెప్పుడంటారు. ఇంటర్వ్యూలో ఇలా అడిగేవాళ్ళలో చాలామందికి చెడ్డ ఉద్దేశం ఉండదు, మాటవరసకి అడిగామనే అనుకుంటారు. కానీ ఒకప్పుడు మన దేశంలో ఇది ప్రశ్న కాదు, రూలు. పెళ్ళి చేసుకుంటే ఉద్యోగం పోతుందని ప్రభుత్వమే కాగితం మీద రాసి ఇచ్చేది.

ఇప్పుడు పెద్ద కంపెనీలన్నీ డైవర్సిటీ, ఇన్‌క్లూజన్ అంటూ ఉద్యోగులను కూర్చోబెట్టి ట్రైనింగులు ఇస్తున్నాయి. మంచిదే. కానీ ఆ రూలు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరెవరు కొట్లాడితే పోయిందో తెలియకపోతే, ఈ రోజు ఆ కాలమ్ దగ్గర అమ్మాయి ఎందుకు ఆగుతుందో ఎదుటివాళ్ళకు అర్థం కాదు.

1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 16వ అధికరణంలో, ప్రభుత్వ ఉద్యోగాల్లో ఆడ, మగ అన్న కారణంతో తేడా చూపకూడదని స్పష్టంగా చెప్పింది. ఆ మరుసటి ఏడాదే, 1951లో, అన్నా రాజం జార్జ్ అనే కేరళ అమ్మాయి ఐఏఎస్‌కు ఎంపికైంది. ఆ సర్వీసులో చేరిన తొలి మహిళ ఆమె. ఇంటర్వ్యూ బోర్డు ఆమెను ఐఏఎస్ వద్దని, ఆడవాళ్ళకు నప్పే వేరే సర్వీసు తీసుకోమని నచ్చజెప్పబోయింది. ఆమె ఒప్పుకోలేదు, మద్రాసు రాష్ట్రాన్నే కోరుకుంది. చేతికొచ్చిన నియామక పత్రంలో మాత్రం ఒక వాక్యం ఉంది: పెళ్ళి చేసుకుంటే సర్వీసు రద్దవుతుంది. రాజ్యాంగం అచ్చయి రెండేళ్ళయినా కాలేదు. కొన్నాళ్ళకు ఆ రూలు మారింది. ఆమె ఎంతోకాలం సర్వీసు చేసి, తరవాత ముంబై దగ్గరి నవా శేవా ఓడరేవు నిర్మాణ బాధ్యత కూడా చూసింది.

ఇక్కడ మన తెలుగింటి ఆడపడుచు ఎ. లలితను తలుచుకోకుండా ఉండలేను. పద్దెనిమిదేళ్ళకే భర్త పోయాడు, చంకలో నెలల పాప. ఆ స్థితిలో మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చేరి, 1940ల్లో ఎలక్ట్రికల్ ఇంజనీరయింది. డిగ్రీ పత్రాలన్నీ మగవాళ్ళ కోసమే అచ్చు వేసి ఉండటంతో, ఆమె పత్రంలో 'అతడు' అన్న మాట కొట్టేసి 'ఆమె' అని దిద్దాల్సి వచ్చిందంటారు. తరవాత ఆమె భాక్రా నంగల్ ప్రాజెక్టు కరెంటు లైన్ల డిజైన్‌లో కూడా పనిచేసింది. వితంతువు ఇల్లు దాటడమే కష్టమైన రోజులవి. అలాంటిది ఒక కాలేజీ తన ఫారాన్ని దిద్దుకుంది.

అన్ని చోట్లా ఫారాలు అంత తేలిగ్గా మారలేదు. బొంబాయిలో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ విభాగంలో పెళ్ళికాని అమ్మాయిలనే పెట్టుకునేది. పెళ్ళయిందా, ఆ రోజుతో ఉద్యోగం ఆఖరు. వాళ్ళు జట్లుగా పనిచేస్తారు, పెళ్ళయినవాళ్ళు తరచూ సెలవులు పెడతారు, జట్టు దెబ్బతింటుందన్నది కంపెనీ వాదన. కార్మిక సంఘం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1965లో కోర్టు ఆ రూలును కొట్టేసింది. పిల్లల వల్లే సెలవులు పెరుగుతాయంటే పిల్లలున్న వితంతువుల మాటేమిటి, వాళ్ళనైతే తీసేయడం లేదు కదా అని అడిగింది. ప్రసూతి సెలవుల వల్ల మనుషులు తగ్గుతారనుకుంటే, ఆ ఖాళీలు నింపడానికి కొంతమందిని అదనంగా ఉంచుకోవచ్చని కూడా చెప్పింది. అరవై ఏళ్ళ కిందటి మాట ఇది. ఈ నాటి టీమ్ లీడర్లు కూడా తలకెక్కించుకోవాల్సిన సంగతి.

విదేశాంగ సర్వీసులో మాత్రం ప్రభుత్వం తన రూలును ఇంకా పట్టుకునే ఉంది. కొడగుకు చెందిన సి.బి. ముత్తమ్మ 1949లో విదేశాంగ సర్వీసులో చేరిన తొలి మహిళ. పెళ్ళి చేసుకుంటే రాజీనామా చేస్తానని చేరేటప్పుడే ఆమె చేత రాయించుకున్నారు. ఆ సర్వీసుకు 1961లో చేసిన నిబంధనలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. మహిళా అధికారి పెళ్ళికి ముందు ప్రభుత్వం నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. పెళ్ళయ్యాక ఇంటి బాధ్యతలు ఉద్యోగానికి అడ్డమని ప్రభుత్వం అనుకుంటే రాజీనామా చేయమనవచ్చు. పెళ్ళయిన మహిళకు ఆ సర్వీసులో చేరే హక్కే లేదు. మగ అధికారులకు ఇవేవీ లేవు.

ముత్తమ్మ పెళ్ళి చేసుకోలేదు. 1970లో హంగరీకి రాయబారిగా వెళ్ళింది. అయినా పై గ్రేడుకు ప్రమోషన్ వచ్చేసరికి ఆమెను పక్కన పెట్టారు. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్ళింది. కేసు నడుస్తుండగానే ప్రభుత్వం ప్రమోషన్ ఇచ్చేసింది. దాంతో 1979 సెప్టెంబరులో కోర్టు పిటిషన్‌ను ముగించింది కానీ, ఊరుకోలేదు. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ నిబంధనలను ఒక్కొక్కటిగా విప్పి చూపించారు. ఇంటి బాధ్యతలు ఆడదాని పనికి అడ్డమైతే మగవాడి పనికి మాత్రం ఎందుకు కావు అని ప్రశ్నించారు. నిబంధనలను సరిదిద్దుకోమని ప్రభుత్వానికి గట్టిగా చెప్పారు.

ఈ కథలో నన్ను ఎప్పుడూ పట్టి ఆపేది ఒక్కటే. పెళ్ళే చేసుకోని మనిషికి కూడా పెళ్ళి రూలున్న సర్వీసులో అన్యాయం జరిగింది. రూలు ఒకరిద్దరికే తగిలినా, దాని నీడ ఆ ఆఫీసులోని ఆడవాళ్ళందరి మీదా పడుతుంది. వీళ్ళు ఎలాగూ ఉండరులే అన్న భావం పై అధికారుల మనసులో స్థిరపడిపోతుంది. ఇవాళ అడిగే 'పెళ్ళెప్పుడు' వెనకా ఉన్నది ఆ భావమే.

ముత్తమ్మ తీర్పు వచ్చిన రెండేళ్ళకు ఎయిర్ హోస్టెస్‌ల కేసు వచ్చింది. ఎయిరిండియాలో వాళ్ళు 35 ఏళ్ళకు రిటైరవ్వాలి. చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకున్నా, మొదటిసారి గర్భం వచ్చినా అప్పుడే ఇంటికి పోవాలి. అదే విమానంలో పనిచేసే మగ పర్సర్లు 58 దాకా ఉండొచ్చు. 1981లో సుప్రీంకోర్టు గర్భం షరతును కొట్టేసింది, అది భారత స్త్రీత్వానికే అవమానమని రాసింది. కానీ నాలుగేళ్ళ పెళ్ళి షరతును మాత్రం ఉంచేసింది. ఆ నాలుగేళ్ళకు అమ్మాయికి పరిణతి వస్తుంది, కుటుంబ నియంత్రణకూ మంచిదని కారణాలు చెప్పింది. ఆమె ఎప్పుడు పెళ్ళి చేసుకోవాలో కంపెనీ చెప్పవచ్చని సుప్రీంకోర్టే ఒప్పుకుందన్నమాట. గెలుపు, ఓటమి ఒకే తీర్పులో. ఆ అమ్మాయిలు ఆ తరవాత కూడా ఏళ్ళ తరబడి కొట్లాడుతూనే ఉన్నారు.

రూళ్ళు పోతున్న కొద్దీ ఆ పని ఫారాలు చేయడం మొదలుపెట్టాయి. ఎల్ఐసీలో చేరిన ఒక యువతి ప్రసూతి సెలవు తీసుకున్నాక ఆమెను తొలగించారు. దరఖాస్తుతో పాటు ఇచ్చే వాంగ్మూలంలో ఆమె తప్పు రాసిందన్నారు. ఆ వాంగ్మూలంలో ఏం అడిగారో తెలుసా? నెలసరి సక్రమంగా వస్తుందా, చివరిసారి ఎప్పుడు వచ్చింది, ఎన్నిసార్లు గర్భం వచ్చింది, గర్భస్రావాలేమైనా ఉన్నాయా. 1991లో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది, ఆ కాలమ్‌లు తీసేయమంది. ఏ ఆడదైనా తన ఆత్మగౌరవం చంపుకుంటే తప్ప వాటిని నింపలేదని కోర్టు భావం.

సైనిక నర్సింగ్ సర్వీసులో పెళ్ళి రూలు 1995 దాకా బతికింది. పెళ్ళి చేసుకుందని 1988లో ఒక లెఫ్టినెంట్‌ను పంపించేశారు. ఆమెకు 60 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు తేల్చింది 2024 ఫిబ్రవరిలో. ముప్పై అయిదేళ్ళు దాటింది. ఆ డబ్బు ఆమె సీనియారిటీని, ప్రమోషన్లను, యూనిఫాంలో గడపాల్సిన రోజులను తిరిగి తేలేదు.

మరి రూలు పోయాక కూడా ప్రశ్న ఎందుకు పోలేదు? దీనికి డబ్బు లెక్క ఒకటుంది. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం 12 వారాల సెలవిచ్చింది. 2017లో దాన్ని మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు చేశారు. 50 మంది, అంతకు మించి పనిచేసేచోట పిల్లలను చూసుకునే క్రెష్ ఉండాలన్నారు. గొప్ప మార్పు, తల్లులకు అవసరమైన మార్పు. కానీ ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, వర్తించని ఉద్యోగులకు ఆ 26 వారాల జీతం మొత్తం యజమానే భరించాలి. పది, పదిహేను మందితో నడిచే చిన్న ఆఫీసు ఆ లెక్క వేసుకుని, కొత్తగా పెళ్ళయిన అమ్మాయి దరఖాస్తును కిందికి తోసేస్తుంది. ఆ పని తప్పే, అందులో సందేహం లేదు. కానీ ఖర్చంతా ఒక్కరి నెత్తిన పెడితే ఇలా జరుగుతుందని ముందే తెలిసిన విషయం. అందుకే ఈ ఖర్చును సామాజిక బీమా నుంచో, ప్రభుత్వ నిధుల నుంచో భరించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000 నాటి ఒప్పందంలోనే రాసింది. ఇంకొకటి. కేంద్ర ప్రభుత్వంలో తండ్రికి 15 రోజుల సెలవుంది, ప్రైవేటు ఉద్యోగికి చట్టంలో ఒక్క రోజు కూడా లేదు. బిడ్డంటే తల్లి సెలవు మాత్రమే అన్నంతకాలం ఆ కాలమ్ ఆడవాళ్ళకే ముల్లులా గుచ్చుకుంటుంది.

2024 జూన్‌లో తమిళనాడు శ్రీపెరుంబుదూరు దగ్గర ఐఫోన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పెళ్ళయిన ఆడవాళ్ళను తీసుకోవడం లేదని రాయిటర్స్ రాసింది. కంపెనీ కాదంది. కేంద్ర కార్మిక శాఖ రాష్ట్ర ప్రభుత్వాన్ని నివేదిక అడిగింది. అప్పుడు అందరూ చూపించిన చట్టం 1976 నాటి సమాన వేతన చట్టం. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడవాళ్ళ పట్ల వివక్ష చూపకూడదని అందులోని 5వ సెక్షన్ అనేది. పెళ్ళి అన్న మాట మాత్రం ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. 2025 నవంబరులో ఆ చట్టం పోయి దాని చోట వేతనాల కోడ్ వచ్చింది. ఆ మాట చట్టంలోకి రావాలని నేను గట్టిగా కోరుకుంటాను.

చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేని పని కూడా ఒకటుంది, ఏ హెచ్ఆర్ విభాగమైనా ఈ వారమే చేయగలిగింది. పెళ్ళి వివరం కంపెనీకి నిజంగా కావాల్సిందే, ఇన్సూరెన్స్‌లో భర్త పేరో భార్య పేరో చేర్చడానికి, పీఎఫ్ నామినేషన్‌కు. అయితే ఆ రెండు కాగితాలూ ఉద్యోగంలో చేరిన తరవాత నింపేవి. ఆ కాలమ్‌ను దరఖాస్తులోంచి తీసి జాయినింగ్ రోజు ఇచ్చే ఫైల్లో పెట్టండి. ఇంటర్వ్యూ చేసేవాళ్ళ ముందున్న కాగితంలో అది కనబడకూడదు.