28 నుంచి 37కి: గుంటూరు ఏసీల బిల్లుల గొడవ ఎక్కడ మొదలైంది?

మిర్చి యార్డు వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో వారం రోజులుగా ఒక బిల్లు ఫోటో తిరుగుతోంది. తేదీ ఈ సీజన్‌దే. సరుకు తేజ రకం, టిక్కీల (బస్తాల) లెక్క, ఏసీ బాండు (సరుకు దాచినందుకు ఇచ్చే రసీదు) నంబరు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పన్ను గడిలో మాత్రం జీఎస్టీకి బదులు, దానికి ముందున్న పన్ను ‘వ్యాట్’ అని అచ్చయింది. దాని కింద ఉన్న టిన్ (వ్యాట్ రోజుల్లో వ్యాపారికి ఇచ్చిన పన్ను నంబరు) 28తో మొదలవుతోంది. 28 ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కోడు. రాష్ట్రం 2014లోనే విడిపోయింది. (బయటి ఊళ్ల వాళ్లకి ఒక మాట: గుంటూరులో ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ. గదిలో గోడకి ఉండేది కాదు.)

బిల్లు ఇచ్చినవాళ్లకి మూడు ఏసీలు, యార్డులో కమీషన్ కొట్టు, పక్కన పత్తి వ్యాపారం ఉన్నాయి. 2008లో వాళ్లకి సాఫ్ట్‌వేర్ తయారు చేసింది విజయవాడలోని ఒక కంపెనీ. నిరుడు దాన్ని ‘ఆధునికీకరిస్తాం’ అని తీసుకున్నది ఇంకో కంపెనీ. ఇప్పుడు ముగ్గురి మధ్యా నోటీసులు నడుస్తున్నాయి కాబట్టి పేర్లు రాయడం లేదు.

ఫాక్స్‌ప్రో (కొట్టు లెక్కలకి వాడిన పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్) రోజులు ఈ ఊళ్లో అందరికీ తెలిసినవే, వాటిలోకి వెళ్లను. ఇక ఫాక్స్‌ప్రోకి కొత్త వెర్షన్ ఉండదని మైక్రోసాఫ్ట్ 2007లో చెప్పేసింది. కొట్టు లెక్కలన్నీ అందులో ఉన్నవాళ్లకి టెన్షన్ పట్టుకుంది. విజయవాడ కంపెనీ సరిగ్గా ఆ టైంలో వచ్చి, ‘మోడల్’ నుంచి సాఫ్ట్‌వేర్ పుట్టిస్తామంది.

అది వాళ్లు కనిపెట్టింది కాదు. 1997లో యూఎంఎల్ బొమ్మల భాషను ప్రమాణంగా ఆమోదించిన ఓఎంజీ అనే సంస్థే 2001లో ‘మోడల్ డ్రివెన్ ఆర్కిటెక్చర్’ అనే పద్ధతిని ముందుకు తెచ్చింది. మొదట వ్యాపారం ఎలా నడుస్తుందో ఏ కంప్యూటర్ భాషతోనూ సంబంధం లేకుండా మోడల్‌గా గీస్తారు. దాన్ని ఫలానా టెక్నాలజీకి సరిపోయే రెండో మోడల్‌గా మారుస్తారు. అందులోంచి టూలే కోడ్ రాసిపెడుతుంది. మన దేశంలోనూ ఇది కొత్త కాదు. టీసీఎస్ వాళ్ల మాస్టర్‌క్రాఫ్ట్ పనిముట్లు ఈ దారిలో వచ్చినవే. ఏసీల యజమానికి నచ్చిన మాట ఒక్కటే: ఫాక్స్‌ప్రో పోయినట్టు రేపు జావా పోయినా మీ మోడల్ ఉంటుంది, బటన్ నొక్కితే కొత్త కోడ్ వస్తుంది.

మాట ఉత్తుత్తిది కాదు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. 2008లో ఆ మోడల్‌ని ప్రింట్లు తీసి, కాగితాలు అతికించి, యార్డు ఆఫీసు గోడకి తగిలించారు. రైతు, సరుకు, బాండు, తక్‌పట్టీ (రైతుకి ఇచ్చే అమ్మకం చీటీ), కొనుగోలుదారు అని డబ్బాలు, మధ్యలో గీతలు. కొట్టు గుమాస్తాకి ఇంగ్లిషు అంతంత మాత్రం. అయినా గోడ ముందు నిలబడి తప్పు పట్టాడు. బాండు రైతు పేరునే ఉంటుంది, కానీ రైతుకి అప్పు ఇచ్చింది కమీషన్ వ్యాపారి అయితే ఆయన ఒప్పుకోకుండా సరుకు ఏసీ గడప దాటదు, మీ బొమ్మలో ఆ గీత ఏదీ అన్నాడట. గీత పడింది. కోడ్ చూపించి ఉంటే గుమాస్తా ఆ తప్పు పట్టగలిగేవాడు కాదు.

ఇప్పటి గొడవకి మూలం 2017 జీఎస్టీ అని విజయవాడ కంపెనీ అంటోంది. జీఎస్టీ హడావుడిలో క్లయింటు మనుషులు కోడ్‌ని చేత్తో మార్చి మోడల్‌ని పాడుపెట్టారట, తమ మోడల్‌లో తప్పేమీ లేదట. వాళ్ల వాదన అంతే. నాకు మాత్రం తేదీ మూడేళ్లు వెనక్కి జరగాలి అనిపిస్తోంది.

2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. ఆంధ్రప్రదేశ్ వ్యాపారుల టిన్ నంబర్లలో ముందున్న 28 పోయి 37 వచ్చింది. మారింది రెండంకెలే. కానీ మోడల్‌లో ఓసీఎల్ అనే నిబంధనల భాషలో ఒక షరతు రాసి ఉంది: రాష్ట్రంలోని వ్యాపారి టిన్ 28తోనే మొదలవ్వాలి. 2008లో అది మంచి షరతే, తప్పుడు నంబర్లు పడకుండా ఆపింది. విభజన తర్వాత అదే షరతు ప్రతి బిల్లునూ ఆపేసింది.

అప్పుడు సాఫ్ట్‌వేర్ చూసుకుంటున్నది గుంటూరు బ్రాడీపేటకి చెందిన ఒక ప్రోగ్రామరు. కంపెనీ నిర్వహణ ఒప్పందం ఖర్చెక్కువని 2013లో ఆపేసి, యజమాని ఆవిడని నెల జీతానికి పెట్టుకున్నారు. ఆవిడతో రెండు సాయంత్రాలు మాట్లాడాను.

ఆ షరతును ఎక్కడ మార్చాలో ఆవిడకి తెలుసు. మోడల్‌లో 28 తీసి 37 పెట్టి, బటన్ నొక్కాలి. మోడల్ తెరిచే టూల్ లైసెన్సు ఒక్కటే, అది విజయవాడ కంపెనీలో ఒక మెషీన్ మీద ఉంది. ఒప్పందం ప్రకారం కోడ్ క్లయింటుది, మోడల్ కంపెనీది. ఫోన్ చేస్తే ముందు ఒప్పందం రెన్యూ చేయించమన్నారు. యజమాని, ‘రెండంకెలకి అంత డబ్బా అమ్మా, నువ్వే చూడు’ అన్నారు. బయట లారీ ఆగి ఉంది.

ఇలాంటి టూళ్లు పుట్టించే కోడ్‌లో చేత్తో రాసుకోవడానికి కొన్ని చోట్లు వదులుతాయి. ‘ఇక్కడి నుంచి మీ కోడ్’, ‘ఇక్కడితో మీ కోడ్ అయిపోయింది’ అని రెండు గుర్తుల మధ్య రాసింది మళ్లీ బటన్ నొక్కినా చెరగదు. బయట రాసింది మిగలదు. టిన్ షరతు బయట ఉంది. ఆవిడ అక్కడే మార్చి, పైన ఒక వరస రాశారు: ‘తాత్కాలికం. మోడల్‌లో మార్చాక ఇది తీసేయాలి.’ ఆ ఫైలు నాకు చూపించారు. వరస ఇంకా అలాగే ఉంది.

నేను మలుపు అంటున్నది దీన్నే. ఆ సాయంత్రం తర్వాత బటన్ నొక్కితే 28 తిరిగి వస్తుంది, బిల్లులు మళ్లీ ఆగుతాయి. అందుకని ఇక ఎవరూ నొక్కలేదు. నొక్కని బటన్ ఉన్న మోడల్ గోడ మీద కాగితమే. 2017 వచ్చేసరికి చేత్తో మార్చాలా వద్దా అన్న ప్రశ్నే లేదు.

ఆ ఏడాది సంగతి రైతులకి చెప్పక్కర్లేదు. అంతకు ముందు ఏడాది క్వింటాలు 10 వేలు దాటిన మిర్చి ధర సగానికి పైగా పడిపోయింది. కేంద్రం క్వింటాలు 5,000 రూపాయల చొప్పున కొనే మార్కెట్ జోక్యం పథకం ప్రకటించింది. అమ్ముకోలేని సరుకంతా ఏసీల్లోకి చేరింది. వ్యాట్ రోజుల్లో బాండు రాసిన సరుకు జులై 1 తర్వాత జీఎస్టీ బిల్లు మీద బయటికి రావాలి. మోడల్‌లో పన్ను ఒక్క గడి. ఇప్పుడు ఎండు మిర్చికి 5 శాతం. కొన్నవాడు రాష్ట్రంలోవాడైతే కేంద్రానికి రెండున్నర, రాష్ట్రానికి రెండున్నరగా విడగొట్టాలి. బయటివాడైతే ఐజీఎస్టీగా ఒకే మొత్తం. 11 అంకెల టిన్ పోయి 15 అక్షరాల జీఎస్టీ నంబరు వచ్చింది. వీటన్నింటినీ ఆవిడ ఒక్కరే రాశారు. నవంబరు 15 నుంచి రైతు దగ్గర కొన్న పత్తికి పన్ను కొన్నవాడే కట్టాలన్నారు, అదీ రాశారు.

2018 సెప్టెంబరు 4 నాటి జీఎస్టీ 57వ నంబరు సర్క్యులర్ దగ్గరికి వస్తే ఆవిడ గొంతు మారింది. కమీషన్ వ్యాపారిని చట్టం ఏజెంటుగా చూడాలా వద్దా అన్నది బిల్లు ఎవరి పేరున రాశాడన్న దాని మీద ఆధారపడుతుందని ఆ సర్క్యులర్ చెప్పింది. తన పేరున రాస్తే ఒక లెక్క, సరుకు యజమాని పేరున రాస్తే ఇంకో లెక్క. గోడ మీది మోడల్‌లో కమీషన్ వ్యాపారికి ఒక్కటే డబ్బా. ఆవిడ, గుమాస్తా, ఆడిటరు మూడు రోజులు కూర్చుని తేల్చిన తేడా కోడ్‌లో పదకొండు లైన్లుగా ఉంది. ఆ పదకొండు లైన్లు తప్ప ఆ మూడు రోజుల చర్చ ఇంకెక్కడా రాసి లేదు. గుమాస్తా ఇప్పుడు లేరు.

2019లో ఆవిడ మానేశారు. తర్వాత వచ్చినవాళ్లూ పైపైనే అతుకులు వేశారు. ఏడాది టర్నోవరు 5 కోట్లు దాటినవాళ్లకి 2023 ఆగస్టు నుంచి ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి అయినప్పుడు బిల్లు మీద క్యూఆర్ కోడ్ అలా వచ్చిందే.

నిరుడు కొత్త కంపెనీ వచ్చి మోడల్ ఉందా అని అడిగింది. యజమాని విజయవాడ కంపెనీకి డబ్బు కట్టి తెచ్చుకున్నారు. ‘పూర్తి డాక్యుమెంటేషన్’ అని రసీదులో ఉంది. మోడల్ ఫైలు చివరి తేదీ 2012. కొత్తవాళ్లు దాన్ని ఆధారం చేసుకుని కొత్త టెక్నాలజీలో కోడ్ పుట్టించి, ఏసీ ఆఫీసులో ఎక్కించారు. వాట్సాప్‌లో తిరుగుతున్న బిల్లు దాని తొలి రోజుది.

దీనికి వేరే దారి లేదా అంటే ఉంది, చాలాకాలంగా ఉంది. పాత వ్యవస్థల్ని ఆధునికీకరించడానికి ఓఎంజీయే 2003లో విడిగా ఒక బృందాన్ని పెట్టింది. వాళ్ల పద్ధతి తిరగేసి నడుస్తుంది: నడుస్తున్న కోడ్‌ని చదివి, అందులోంచి మోడల్‌ని బయటికి తీసి, దాని నుంచి కొత్తది కట్టాలి. ఆ పని కోసం వాళ్లు తయారు చేసిన కేడీఎం ప్రమాణాన్ని 2012లో ఐఎస్ఓ కూడా తీసుకుంది. కొత్త కంపెనీ ఆ దారిలో ఒక్క ఫైలు తెరిచినా ‘తాత్కాలికం’ అన్న వరస కనపడేది. పాత కోడ్ చదవడం తమ ఒప్పందంలో లేదని వాళ్లు అంటున్నారు. ఒప్పందం నేనూ చూశాను, నిజంగానే లేదు.

ప్రస్తుతానికి ఏసీలో బిల్లులు చేత్తో రాస్తున్నారు. ఆన్‌లైన్‌లో ఈ-ఇన్వాయిస్ మాత్రం ఆడిటరు ఆఫీసు కుర్రాడు ఒక్కొక్కటీ టైపు చేస్తున్నాడు. పాత కోడ్ ఉన్న సర్వర్‌ని మార్పిడి రోజునే తుడిచేశారట. మిగిలింది బ్రాడీపేటలో ఆవిడ దగ్గరున్న పెన్‌డ్రైవ్ ఒక్కటే, అదీ 2019 నాటిది. రెండు కంపెనీలూ, యజమానీ విడివిడిగా ఆవిడకి ఫోన్ చేశారు. మానేసిన నాటి చివరి రెండు నెలల జీతం బాకీ ముందు ఇమ్మని ఆవిడ యజమానికి మెసేజ్ పెట్టారు. నేను వెళ్లిన సాయంత్రానికి రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు.