కొసరి వడ్డించకూడని విందు

ఇంటికొచ్చిన వాళ్లకు ఏదైనా పెట్టేటప్పుడు మన నోటికి అలవాటైన మాట "ఇంకొంచెం వేసుకోండి" అనడమే. భోజనంలో ఆ మాటతో పెద్ద నష్టం లేదు. కడుపు నిండిన సంగతి తినేవాళ్లకు వెంటనే తెలుస్తుంది, చెయ్యి అడ్డం పెట్టేస్తారు. గంజాయి దగ్గర ఆ మర్యాదే ప్రమాదం తెచ్చిపెడుతుంది. తీసుకున్నది ఎంత పని చేస్తుందో శరీరం అప్పటికప్పుడు చెప్పదు. ఒక్కోసారి రెండు గంటలు గడిచాక గానీ చెప్పదు. ఈలోపు రెండోసారి, మూడోసారి తీసుకున్నది కూడా కడుపులోకి చేరిపోయి ఉంటుంది.

ఉరుగ్వే 2013లో, కెనడా 2018లో, జర్మనీ 2024లో పెద్దల వాడకానికి చట్టబద్ధంగా అనుమతినిచ్చాయి. అమెరికాలో పలు రాష్ట్రాలు అదే దారి పట్టాయి. ఇంకా చాలా దేశాల్లో, భారతదేశంతో సహా, గంజాయి దగ్గర ఉంచుకోవడమే నేరం. చట్టం ఒప్పుకున్న చోట్ల మాత్రం నలుగురు పెద్దవాళ్లు కూర్చుని కబుర్లు చెప్పుకునే సాయంత్రాల్లో వైన్ సీసా పక్కకు ఇదీ వచ్చి చేరుతోంది. వైన్ ఎంత పోయాలో, ఎప్పుడు ఆపాలో చాలామందికి అనుభవం మీద తెలుసు. గంజాయి విషయంలో ఆ అంచనా ఇంకా అలవడలేదు. అందుకే అలాంటి సాయంత్రానికి పిలిచేవాళ్లు అలంకరణ కంటే ముందు ఈ పదార్థం లోపల ఎలా పని చేస్తుందో తెలుసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

మత్తు కలిగించే ప్రధాన రసాయనం టీహెచ్‌సీ. ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు రాఫెల్ మెకూలమ్, యెహీల్ గావోనీ 1964లో దాన్ని విడదీసి నిర్మాణం తేల్చారు. అది మెదడులో ఎక్కడ అతుక్కుంటుందో తెలియడానికి మరో పాతికేళ్లు పట్టింది. 1988లో అమెరికాలో అలిన్ హౌలెట్ బృందం అది అతుక్కునే రిసెప్టర్ (కణం మీద ఉండే గ్రాహకం) ఉందని చూపించింది. దానికే తర్వాత సీబీ1 అని పేరు వచ్చింది. ఆ రిసెప్టర్ మీద పని చేసే ఆనందమైడ్ అనే పదార్థాన్ని మన శరీరమే తయారు చేసుకుంటుందని 1992లో మెకూలమ్ ప్రయోగశాలలోనే బయటపడింది. అంటే మెదడు తన అవసరానికి, తనకు కావలసిన చోట, కొద్దికొద్దిగా వాడుకునే ఏర్పాటు ఒకటి ముందే ఉంది. బయటి నుంచి వచ్చిన టీహెచ్‌సీ ఆ ఏర్పాటు మొత్తాన్నీ ఒకేసారి తట్టి లేపుతుంది.

సాయంత్రం ఎలా నడుస్తుందనేది ఆ రిసెప్టర్లు ఉన్న చోట్లను బట్టే ఉంటుంది. కొత్త జ్ఞాపకాలను పట్టి ఉంచే హిప్పోక్యాంపస్‌లో అవి దట్టంగా ఉంటాయి. అందుకే మాట మధ్యలో "ఏం చెబుతున్నాను?" అనే ప్రశ్న వస్తుంది. భయాన్ని నడిపించే అమిగ్డలాలో ఉంటాయి కాబట్టి ఒకరికి టెన్షన్ తగ్గితే ఇంకొకరికి గుండె దడ మొదలవుతుంది. కదలికలను సరిచూసే సెరిబెల్లమ్‌లోనూ ఉంటాయి. కాలం నడక కూడా మారిపోతుంది. గడిచింది పది నిమిషాలైతే పావుగంట దాటినట్టు అనిపిస్తుంది. శ్వాసను నడిపే మెదడు కాండంలో మాత్రం ఇవి బాగా తక్కువ. నల్లమందు జాతి మందులు మోతాదు మించితే శ్వాస ఆగిపోయినట్టు గంజాయితో పెద్దవాళ్లలో సాధారణంగా జరగకపోవడానికి ఇదే ముఖ్య కారణం. అంతమాత్రాన ఇది హాని లేనిదని అనుకోకూడదు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయం, గడియారం. పొగగా గానీ ఆవిరిగా గానీ పీల్చితే టీహెచ్‌సీ ఊపిరితిత్తుల నుంచి నేరుగా రక్తంలోకి, అక్కడి నుంచి మెదడుకు చేరుతుంది. నిమిషాల్లో తెలుస్తుంది, అరగంటలోపే తారస్థాయికి వెళుతుంది, చాలామందికి రెండు మూడు గంటల్లో చాలావరకు దిగిపోతుంది. తింటే కథ వేరు. అది కడుపులోంచి పేగులకు, అక్కడి నుంచి కాలేయానికి వెళ్లాలి. కాలేయం దానిలో కొంత భాగాన్ని 11-హైడ్రాక్సీ టీహెచ్‌సీ అనే మరో రూపంలోకి మారుస్తుంది. ఈ కొత్త రూపం మెదడులోకి తేలిగ్గా దూరుతుంది, దీనికీ మత్తు కలిగించే శక్తి ఉంది. తిన్నాక మొదటి సూచన కనిపించడానికి అరగంట నుంచి రెండు గంటలు పట్టవచ్చు. తారస్థాయి రెండు నుంచి నాలుగు గంటల మధ్య వస్తుంది. మొత్తం ప్రభావం ఆరు నుంచి ఎనిమిది గంటలు, కొందరిలో పన్నెండు గంటల దాకా ఉంటుంది.

గీజర్ నీళ్లు వేడెక్కలేదని కుళాయి ఇంకా ఇంకా తిప్పి, ఆనక ఒక్కసారిగా చర్మం కాల్చుకున్నట్టే ఇక్కడా జరుగుతుంది. గంట గడిచినా ఏమీ తెలియలేదని ఇంకో ముక్క నోట్లో వేసుకుంటారు. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కేసరికి రాత్రి పదకొండు దాటుతుంది, అతిథులు ఇళ్లకు బయల్దేరే వేళ. కాబట్టి తినే రూపంలో పెట్టదలిస్తే అందరూ వచ్చిన కొత్తలోనే, సాయంత్రం మొదట్లోనే పెట్టాలి. ఒక్కసారే పెట్టాలి, పెట్టిన సమయం ఒక కాగితం మీద రాసుకోవాలి. ఆ రాత్రికి రెండో విడత ఉండదని ముందే చెప్పేస్తే అడిగే ఇబ్బంది అతిథికీ ఉండదు, కాదనే ఇబ్బంది మనకూ ఉండదు.

ఎంత పెట్టాలి? కెనడాలో తినే ఉత్పత్తి ఒక్క ప్యాకెట్‌లో 10 మిల్లీగ్రాములకు మించి టీహెచ్‌సీ ఉండకూడదు. కొత్తవాళ్లు 2.5 మిల్లీగ్రాములు గానీ అంతకన్నా తక్కువతో గానీ మొదలుపెట్టాలని అక్కడి ప్రభుత్వ సలహా. అమెరికాలో పరిశోధనల కోసం 2021లో ప్రామాణిక కొలతగా నిర్ణయించింది 5 మిల్లీగ్రాములు. కొన్ని రాష్ట్రాల్లో మాత్రం ఒక్క ముక్కలోనే 10 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే కొత్తవాళ్లకు చెప్పిన దానికి నాలుగు రెట్లు. ఇంట్లో సొంతంగా వండినదాన్ని అతిథులకు పెట్టడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. టీహెచ్‌సీ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పిండిలో సమంగా కలవకపోతే ఒకే పళ్లెంలో ఒక ముక్క చప్పగా, పక్క ముక్క మూడింతల బలంగా తయారవుతుంది. చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. ప్రయోగశాలలో పరీక్షించి, మిల్లీగ్రాములు అచ్చువేసిన ప్యాకెట్ ఉంటేనే అతిథికి నిజం చెప్పగలం.

పీల్చే రకంతో చిక్కు వేరు. అమెరికాలో అధికారులు పట్టుకున్న సరుకును కొలిచినప్పుడు సగటు టీహెచ్‌సీ 1995లో దాదాపు 4 శాతం ఉండేది. 2014 నాటికి దాదాపు 12 శాతానికి చేరింది. కాలేజీ రోజుల్లో ఎప్పుడో తాగాను, నాకు అలవాటే అని ఎవరైనా అంటే వాళ్ల జ్ఞాపకంలో ఉన్నది ఆ పాత బలం. ఇన్నేళ్ల తర్వాత వాళ్లనూ కొత్తవాళ్లుగానే చూసుకోవాలి.

తక్కువ అనే మాట జాగ్రత్త కోసం మాత్రమే చెప్పింది కాదు. హాయి కూడా తక్కువలోనే ఉంది. చికాగోలో 42 మంది ఆరోగ్యవంతుల మీద చేసి 2017లో ప్రచురించిన ప్రయోగం ఒకటి నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. వాళ్లలో కొందరికి 7.5 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ, కొందరికి 12.5, ఇంకొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఆ తర్వాత అపరిచితుల ముందు ఇంటర్వ్యూలా మాట్లాడమన్నారు, నోటిలెక్కలు చేయమన్నారు. 7.5 తీసుకున్నవాళ్లకు ఆ ఒత్తిడి తక్కువగా అనిపించింది. 12.5 తీసుకున్నవాళ్ల మనసు పని మొదలవకముందే కలత చెందింది, అది సాగుతున్నంతసేపూ అలాగే ఉంది. తేడా 5 మిల్లీగ్రాములే. నలుగురితో కూర్చోవడం కూడా కొందరికి ఆ ఇంటర్వ్యూ లాంటిదే. చొరవగా మాట్లాడలేని మనిషికి కాస్త ధైర్యం వస్తుందని ఇంకొంచెం ఇస్తే ఆ మనిషి ఇంకా మూలకు ముడుచుకుపోతాడు.

శరీరాల మధ్య తేడా కూడా చాలా పెద్దది. టీహెచ్‌సీని విడగొట్టే కాలేయపు ఎంజైముల్లో సీవైపీ2సీ9 ఒకటి. కొందరిలో పుట్టుకతోనే అది మందకొడిగా పని చేస్తుంది. దాని అత్యంత నెమ్మది రూపం ఉన్నవాళ్ల రక్తంలో అదే మోతాదుకు మిగతావాళ్ల కంటే దాదాపు మూడు రెట్ల టీహెచ్‌సీ పేరుకుంటుందని జర్మనీలో జరిగిన పరిశోధన తేల్చింది. మనిషిని చూసి ఇది కనిపెట్టలేం. లావుగా ఉన్నాడు, తట్టుకుంటాడులే అనే అంచనాకు ఇక్కడ ఆధారం లేదు.

చుట్టూ ఉన్న మనుషుల ప్రభావం గురించి సామాజిక శాస్త్రం ఎప్పుడో చెప్పింది. అమెరికాకు చెందిన హోవార్డ్ బెకర్ 50 మందిని కలిసి మాట్లాడి 1953లో ఒక పరిశీలన ప్రచురించాడు. కొత్తవాళ్లు ఆ అనుభూతిని గుర్తుపట్టడం, అది హాయిగా ఉందని అనుకోవడం కూడా పక్కనున్న అనుభవజ్ఞుల దగ్గరే నేర్చుకుంటారని ఆయన వాదన. తల తేలికైనట్టు ఉండటం, నోరు ఎండిపోవడం, గుండె వేగం పెరగడం వీటంతట అవి మంచివీ కావు, చెడ్డవీ కావు. పక్కనున్నవాళ్లు ప్రశాంతంగా ఉంటే మామూలుగా అనిపిస్తాయి. హేళన చేస్తుంటే భయంగా మారతాయి. ఎనిమిది మంది దాటని గుంపు, ఒకరినొకరు ముందే ఎరిగినవాళ్లు, గట్టిగా అరవకుండా వినిపించే సంగీతం, కాసేపు ఒంటరిగా కూర్చోవడానికి ఇంకో గది, చేతికందేటట్టు నీళ్లు ఉంటే చాలు. ఇవి మత్తును పెంచడానికో తగ్గించడానికో కాదు, దాన్ని మనసు ఎలా అర్థం చేసుకుంటుందో నిర్ణయించడానికి.

కబుర్ల విషయంలో ఒక మాట. హిప్పోక్యాంపస్ మందగించినప్పుడు పొడుగాటి వాదన, ఎక్కువ నియమాలున్న ఆట పట్టుతప్పుతాయి. పాటలు వినడం, బొమ్మలు చూడటం, ఒక్కొక్కరు చిన్న సంగతి చెప్పడం లాంటివి బాగా సాగుతాయి. లోతైన చర్చ కావాలంటే దాన్ని మొదటి గంటలోనే పెట్టుకోవడం మేలు.

ముట్టనివాళ్లు కూడా పూర్తి అతిథులే. పిలిచేటప్పుడే సంగతి స్పష్టంగా చెప్పాలి, రాకూడదనుకునే అవకాశం వాళ్లకు ఇవ్వాలి. గంజాయి కలిసిన ముక్కలు వేరే బల్ల మీద, పేరూ మోతాదూ రాసిన ప్యాకెట్‌తో ఉండాలి. తెలియకుండా ఎవరికైనా తినిపించడం సరదా కాదు, అది విషప్రయోగంతో సమానమైన పని. ఇక కొందరు ఇది తీసుకోకుండా ఉండటమే మంచిది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, సైకోసిస్ (భ్రమలు, లేనిపోని నమ్మకాలతో వాస్తవానికి దూరమయ్యే మానసిక జబ్బు) తమకు గానీ దగ్గరి బంధువులకు గానీ వచ్చినవాళ్లు, ఇరవై అయిదేళ్లు నిండనివాళ్లు. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందును విడగొట్టేదీ సీవైపీ2సీ9 ఎంజైమే కాబట్టి ఆ మందు వాడేవాళ్లూ దూరంగా ఉండాలి. కారణం చెప్పమని ఎవరినీ అడగవద్దు. వద్దు అన్న మాట చాలు.

మద్యం, గంజాయి ఒకే రాత్రి కలవకుండా చూడటం నా దృష్టిలో ఆతిథ్యమిచ్చేవాళ్ల పెద్ద బాధ్యత. మద్యం తాగాక పీల్చితే రక్తంలో టీహెచ్‌సీ స్థాయి మరింత పైకి వెళుతుందని 2015లో అమెరికాలో వచ్చిన పరిశోధన చూపించింది. తల తిరగడం, చెమటలు, వాంతులు చాలాసార్లు ఈ జంట వల్లే వస్తాయి. గంజాయిలోనే ఉండే, మత్తు కలిగించని సీబీడీ అనే మరో రసాయనాన్ని కలిపి తీసుకుంటే విరుగుడుగా పని చేస్తుందన్న నమ్మకమూ నిలబడలేదు. లండన్ కింగ్స్ కాలేజీలో 46 మంది మీద జరిగిన ప్రయోగంలో 10 మిల్లీగ్రాముల టీహెచ్‌సీతో పాటు 30 మిల్లీగ్రాముల దాకా సీబీడీ పీల్పించారు. జ్ఞాపకశక్తి తగ్గుదలలో గానీ అనుమానాలు, భ్రమలు కలగడంలో గానీ తేడా రాలేదని 2022లో ప్రకటించారు.

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా ఎవరికైనా ఎక్కువ కావచ్చు. ముఖం పాలిపోతుంది, చచ్చిపోతానేమో అంటారు. గుండె మామూలు కంటే నిమిషానికి 20 నుంచి 50 సార్లు ఎక్కువగా కొట్టుకుంటుంది, లేచి నిలబడితే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. అందుకే ముందు కూర్చోబెట్టాలి లేదా పడుకోబెట్టాలి. ఒకరు పక్కనే ఉండాలి, నలుగురు చుట్టూ మూగకూడదు. ఏం తీసుకున్నారో, ఎన్ని గంటలకో, ఎప్పటికి తగ్గుతుందో నెమ్మదిగా చెప్పాలి. మొదట్లో కాగితం మీద రాసుకున్న సమయం ఇక్కడే అక్కరకొస్తుంది, ఎందుకంటే ఆ మనిషికి కాలం ఆగిపోయినట్టు ఉంటుంది. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, ఊపిరి కష్టం కావడం, ఆగని వాంతులు, తమకు తాము హాని చేసుకునేలా ప్రవర్తించడం కనిపిస్తే మాత్రం ఆలోచించకుండా అంబులెన్స్ పిలవాలి. డాక్టర్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

ఎవరూ బండి నడపకూడదు. సిడ్నీ శాస్త్రవేత్తలు అనేక ప్రయోగాల ఫలితాలను కలిపి చూసి, మోతాదునూ తీసుకున్న తీరునూ బట్టి డ్రైవింగ్ సామర్థ్యం మూడు నుంచి పది గంటల దాకా దెబ్బతింటుందని 2021లో తేల్చారు. తిన్నవాళ్లు ఆ రాత్రి అక్కడే పడుకోవడం మంచిది. పరుపులు, దుప్పట్లు ముందే చూసుకుంటే ఆఖరి నిమిషంలో తాళాల కోసం పెనుగులాట ఉండదు. పీల్చినవాళ్లకు క్యాబ్ పిలిపించి, ఇల్లు చేరాక ఫోన్ చేయమనాలి.

మిగిలినదాన్ని ఏం చేస్తామన్నది చాలామంది పట్టించుకోరు. చాక్లెట్, జెల్లీ మిఠాయి రూపంలో ఉన్నది పిల్లల కంటికి మిఠాయే. అమెరికాలో ఆరేళ్లలోపు పిల్లలు పొరపాటున ఇలాంటివి తిన్న సంఘటనలు విష చికిత్స కేంద్రాలకు 2017లో 207 చేరగా, 2021లో ఆ సంఖ్య 3,054. చిన్న శరీరంలో అదే ముక్క గాఢ నిద్రలోకి నెట్టేయగలదు, శ్వాసను కూడా దెబ్బతీయగలదు. కుక్కల మీద కూడా టీహెచ్‌సీ గట్టిగా పని చేస్తుంది. పళ్లేలు తెల్లారాక కడుక్కోవచ్చు గానీ, మిగిలిన ముక్కలు లెక్కపెట్టి అదే ప్యాకెట్‌లో పెట్టి తాళం వేయడం మాత్రం పడుకునే ముందే అయిపోవాలి.